గ్రహ నిర్వచనం: ఖగోళశాస్త్రంలో తెగని వివాదం

వ్యాససంగ్రహం

అంతర్జాతీయ ఖగోళ సంఘం 2006 ఆగస్టు 24న చేసిన తీర్మానంతో సౌరకుటుంబంలోని గ్రహాల సంఖ్య తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గింది. సౌరకుటుంబ గ్రహాలకు ఆ సంఘం లాంఛనంగా ఇచ్చిన తొలి నిర్వచనం అదే. ఆ తరువాత ఇన్నేళ్లు గడిచినా దానిపై శాస్త్రజ్ఞుల మధ్య ఏకాభిప్రాయం కుదరలేదు. గ్రహ శబ్దం పొందిన అర్థపరిణామాన్ని, సెరెస్, ప్లూటోల వర్గీకరణ మారిన తీరును, గతిశాస్త్ర, భూభౌతిక దృష్టుల మధ్య గల భేదాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ రెండు దృష్టులూ రెండు వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలని, ఒకే పదం ఆ రెండు పనులనూ చేయాలని కోరడమే వివాదానికి మూలమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: గ్రహం, మరుగుజ్జు గ్రహం, ప్లూటో, సెరెస్, సౌరేతర గ్రహాలు, శాస్త్ర పరిభాష.

1. ఉపోద్ఘాతం

ఒక శాస్త్రంలో అతి ప్రాథమికమైన పదానికే నిర్వచనం లేకపోవడం వింతగా తోస్తుంది. కాని శాస్త్ర చరిత్రలో ఇది అరుదైన విషయం కాదు. ఐరోపా, ఆసియాలు ఒకే అవిచ్ఛిన్న భూభాగమైనా రెండు ఖండాలుగా లెక్కకు వస్తున్నాయి. జీవశాస్త్రజ్ఞులు 'జాతి' అనే మాటను నిత్యం వాడుతూనే దాని హద్దుల గురించి వాదించుకుంటారు. ఉదాహరణలు కొద్దిగా ఉన్నంతకాలం నిర్వచనం అవసరం కనిపించదు. కొత్త ఉదాహరణలు వచ్చి పాత జాబితాలో ఇమడనప్పుడే ఆ అవసరం తలెత్తుతుంది.

గ్రహం విషయంలోనూ ఇదే జరిగింది. గ్రహాలు ఏవేవో అందరికీ తెలుసు కనుక గ్రహం అంటే ఏమిటో చెప్పవలసిన పని శతాబ్దాల పాటు ఎవరికీ పడలేదు. 1992 తరువాత నెప్ట్యూన్ కక్ష్యకు అవతల కొత్త గోళాలు వరుసగా కనిపించసాగాయి. మరోవైపు ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలు బయటపడ్డాయి. ఈ రెండు ఆవిష్కరణ ధారలూ కలిసి పాత జాబితాను పరీక్షకు పెట్టాయి. పాఠశాల పుస్తకాల్లో ఒక పేరు తొలగింపుగా లోకానికి కనిపించిన ఈ మార్పు వెనుక ఒక లోతైన ప్రశ్న ఉంది. ఒక వస్తువును అది ఏమిటో చూసి గుర్తించాలా, అది ఎక్కడ ఉండి ఏమి చేస్తున్నదో చూసి గుర్తించాలా అన్నదే ఆ ప్రశ్న.

2. గ్రహ శబ్దం: పాత అర్థాలు

సంస్కృతంలో 'గ్రహ్' ధాతువుకు పట్టుకొనుట అని అర్థం. గ్రహణం, గ్రహించు, సంగ్రహం వంటి మాటలన్నీ దీని నుంచి వచ్చినవే. భారతీయ జ్యోతిష సంప్రదాయంలో నవగ్రహాలు సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని, రాహువు, కేతువు. ఈ జాబితాలో నక్షత్రం ఉంది, ఉపగ్రహం ఉంది, భూమి లేదు. రాహుకేతువులు గోళాలు కూడా కావు. చంద్రుని కక్ష్య, సూర్యుని దృశ్యపథం ఒకదానినొకటి ఖండించుకొనే రెండు బిందువులు. గ్రహణాలు ఆ బిందువుల సమీపంలోనే సంభవిస్తాయి కనుక గణితానికి అవి అవసరం. నక్షత్రాల నేపథ్యంలో స్థానం మారుతూ, గణించదగిన గతి కలిగిన ప్రతిదీ ఆ పద్ధతిలో గ్రహమే.

గ్రీకు సంప్రదాయం కూడా ఇంచుమించు ఇదే మార్గంలో నడిచింది. అక్కడి మూలపదానికి సంచారి అని అర్థం. సూర్యచంద్రులతో కలిపి వారికి ఏడు సంచార గోళాలు. ఆదివారం నుంచి శనివారం దాకా వారాల పేర్లలో ఆ ఏడింటి జాబితా నేటికీ నిలిచి ఉంది.

1930 నుంచి 2006 వరకు తెలుగు విద్యార్థి ముందు తొమ్మిదేసి గ్రహాల జాబితాలు రెండు ఉండేవి. ఒకటి పంచాంగంలోనిది, మరొకటి పాఠ్యపుస్తకంలోనిది. సంఖ్య ఒకటే కావడం కేవలం యాదృచ్ఛికం. రెండు జాబితాలకూ ఉమ్మడి సభ్యులు ఐదే: బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని. పూర్వులు వీటిని తారాగ్రహాలని ప్రత్యేకంగా వ్యవహరించారు. ఒకే పదం రెండు నిర్వచనాలతో ఒకే సమాజంలో ఏ ఘర్షణా లేకుండా జీవించగలదనడానికి ఇది చక్కని నిదర్శనం. పంచాంగకర్త ప్రశ్న వేరు, భౌతికశాస్త్రజ్ఞుని ప్రశ్న వేరు.

1543లో వెలువడిన కోపర్నికస్ సిద్ధాంతంతో పదార్థం మారింది. సూర్యుడు కేంద్రమయ్యాడు, భూమి గ్రహమయింది, చంద్రుడు భూమికి అనుచరుడయ్యాడు. ఆకాశంలో సంచరించేది అన్న అర్థం పోయి సూర్యుని చుట్టూ తిరిగేది అన్న అర్థం క్రమంగా స్థిరపడింది. 1610లో గెలీలియో కనుగొన్న గురుగ్రహపు నాలుగు చంద్రులను, 1655లో హైగెన్స్ కనుగొన్న టైటన్‌ను ఆ కాలపు పండితులు గ్రహాలనే పిలిచేవారు. తరువాతి రచనల్లో 'ద్వితీయ గ్రహాలు' అన్న వ్యవహారం కూడా కనిపిస్తుంది. అంటే పదానికి హద్దులు ఏనాడూ స్థిరంగా లేవు. అయితే ఈ మార్పులేవీ ఓటింగుతో జరగలేదు. వాడుకలో నెమ్మదిగా జరిగాయి.

3. సెరెస్ ఉదంతం

ప్లూటోకు ముందే ఒక గోళం గ్రహ పదవిని పొంది కోల్పోయింది. 1781 మార్చి 13న విలియం హెర్షెల్ యురేనస్‌ను కనుగొన్నాడు. గ్రహాల దూరాలు ఒక సంఖ్యాక్రమాన్ని అనుసరిస్తాయని చెప్పే టైటియస్-బోడే సూత్రానికి యురేనస్ దూరం సరిపోవడంతో, అదే సూత్రం ప్రకారం కుజుడికీ గురుడికీ మధ్య మరో గ్రహం ఉండాలన్న నమ్మకం బలపడింది. 1801 జనవరి 1న సిసిలీ ద్వీపంలోని పలెర్మోలో జుసెప్పే పియాజ్జి సెరెస్‌ను కనుగొన్నప్పుడు ఆ ఖాళీ నిండిందని అందరూ భావించారు.

మరుసటి ఏడాదే ఓల్బర్స్ అదే ప్రాంతంలో పల్లాస్‌ను కనుగొన్నాడు. ఒక గ్రహం ఉండవలసిన చోట రెండు కనిపించాయి. అవి పగిలిపోయిన ఒక పెద్ద గ్రహపు ముక్కలు కావచ్చని ఓల్బర్స్ ఊహించాడు. ఎంతటి దూరదర్శినిలో చూసినా అవి నక్షత్రాల వలె చుక్కలుగానే కనిపిస్తున్నందున 'నక్షత్రం వంటిది' అన్న అర్థమిచ్చే ఆస్టరాయిడ్ అనే పేరును హెర్షెల్ 1802లో సూచించాడు. తెలుగులో స్థిరపడిన 'గ్రహశకలం' అన్న మాట హెర్షెల్ పేరుకు అనువాదం కాదు. అందులో ధ్వనించేది ఓల్బర్స్ ఊహ. నేటి లెక్కల ప్రకారం ఆ ప్రాంతంలోని గోళాలన్నింటి మొత్తం ద్రవ్యరాశి చంద్రునిలో సుమారు 3 శాతం మాత్రమే. అక్కడ ఒక పెద్ద గ్రహం ఏనాడూ ఏర్పడలేదు. శాస్త్రం విడిచిపెట్టిన ఒక ఊహను పరిభాష ఈనాటికీ మోస్తున్నదన్నమాట.

1804లో జూనో, 1807లో వెస్టా బయటపడ్డాయి. కొంత విరామం తరువాత 1845 నుంచి ఆవిష్కరణలు వేగం పుంజుకున్నాయి. 1851 నాటికి ఇటువంటి గోళాల సంఖ్య పదిహేనుకు చేరింది. 1846లో దొరికిన నెప్ట్యూన్‌తో కలిపి లెక్కిస్తే గ్రహాల మొత్తం ఇరవై మూడు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క చిహ్నం కేటాయించే పాత పద్ధతి భారమైపోయి, చిన్న గోళాలకు వృత్తంలో రాసిన వరుస సంఖ్యలు వాడుకలోకి వచ్చాయి. పంచాంగ పట్టికల్లో వాటి స్థానం వేరయింది.

ఈ ఉదంతాన్ని రెండు విధాలుగా చదవవచ్చు. ఒకే ప్రాంతంలో గుంపుగా ఉన్నవి గ్రహాలు కావని ఖగోళశాస్త్రం అప్పుడే తీర్పు చెప్పిందని ఒక పక్షం అంటుంది. ఫిలిప్ మెట్జ్‌గర్ బృందం 2019లో ప్రచురించిన పరిశీలనా వ్యాసం దీనిని అంగీకరించలేదు. శాస్త్ర పత్రికల్లో గ్రహశకలాలను గ్రహాలని పేర్కొనడం 20వ శతాబ్ది మధ్యభాగం వరకు కొనసాగిందని, వాటి భౌతిక స్వభావం గ్రహాల స్వభావానికి భిన్నమని తేలిన తరువాతే ఆ వాడుక తగ్గిందని ఆ బృందం వాదించింది. ఒకే చరిత్ర రెండు పక్షాలకూ సాక్ష్యంగా ఉపయోగపడడం గమనార్హం.

4. ప్లూటో: ఆవిష్కరణ నుంచి సందేహం వరకు

1930 ఫిబ్రవరి 18న అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఉన్న లోవెల్ వేధశాలలో క్లైడ్ టాంబా ప్లూటోను కనుగొన్నాడు. అతడు వెతికినది పెర్సివల్ లోవెల్ ఊహించిన 'ఎక్స్ గ్రహం' కోసం. యురేనస్ గతిలో కనిపించిన స్వల్ప వ్యత్యాసాలకు కారణంగా, భూమికి సుమారు ఏడు రెట్ల ద్రవ్యరాశి గల గోళం ఉండాలని లోవెల్ అంచనా. ఆ అంచనాతో వెతికిన ప్రాంతంలో దొరికినందున ప్లూటో సహజంగానే తొమ్మిదవ గ్రహమయింది.

దాని కక్ష్య మొదటి నుంచీ మిగిలిన గ్రహాల తీరుకు భిన్నంగా ఉంది. భూకక్ష్యాతలానికి 17 డిగ్రీల వాలులో, బాగా సాగిన దీర్ఘవృత్తంలో, 248 ఏళ్లకు ఒక్కసారి అది సూర్యుని చుట్టి వస్తుంది. 1979 నుంచి 1999 వరకు అది నెప్ట్యూన్ కంటే సూర్యునికి దగ్గరగా ఉంది. 1978లో జేమ్స్ క్రిస్టీ ప్లూటో ఉపగ్రహమైన కేరన్‌ను గుర్తించడంతో ప్లూటో ద్రవ్యరాశిని కచ్చితంగా లెక్కించడం సాధ్యమయింది. అది భూమిలో సుమారు 460వ వంతు, చంద్రునిలో సుమారు ఆరవ వంతు అని తేలింది. నెప్ట్యూన్, యురేనస్‌ల గతిని ప్రభావితం చేయగల బలం దానికి లేదు. ఏ లెక్క ఆధారంగా దానిని వెతికారో ఆ లెక్కకూ దానికీ సంబంధం లేదు.

1992 ఆగస్టులో డేవిడ్ జెవిట్, జేన్ లూ హవాయిలోని మౌనా కియా శిఖరం నుంచి నెప్ట్యూన్‌కు ఆవల ఒక చిన్న గోళాన్ని చూశారు. ఆ తరువాత ఆ ప్రాంతంలో వేల సంఖ్యలో హిమగోళాలు గుర్తింపు పొందాయి. కైపర్ మేఖలగా పిలుస్తున్న ఆ ప్రాంతంలో ప్లూటో అనేకుల్లో ఒకటి అన్న సంగతి క్రమంగా స్పష్టమయింది. సెరెస్ కథ పునరావృతమవుతున్నదని పలువురు భావించారు.

2005లో మైక్ బ్రౌన్, చాడ్ ట్రుహియో, డేవిడ్ రాబినోవిట్జ్ ప్రకటించిన గోళం నిర్ణయాన్ని అనివార్యం చేసింది. తరువాత ఎరిస్ అని పేరు పొందిన ఈ గోళం ప్లూటో కంటే సుమారు 27 శాతం ఎక్కువ ద్రవ్యరాశి కలది. ప్లూటో గ్రహమైతే ఎరిస్ పదవ గ్రహం కావాలి. ఎరిస్ గ్రహం కాకపోతే ప్లూటోకు కూడా ఆ పేరు తగదు. కొత్త గోళానికి పేరు పెట్టే నియమాలు దాని వర్గాన్ని బట్టి ఉంటాయి కనుక ప్రశ్నను వాయిదా వేసే అవకాశం లేకపోయింది.

5. ప్రాగ్ తీర్మానం

1919లో ఏర్పడిన అంతర్జాతీయ ఖగోళ సంఘం ఖగోళ వస్తువుల పేర్లకు, వర్గాలకు ప్రామాణికత కల్పించే సంస్థ. హైదరాబాదు నిజాం కళాశాలలో చదువుకున్న ఎం.కె. వైణు బప్పు 1979లో దీనికి అధ్యక్షులయ్యారు. ఈ సంఘం 2006లో ఓవెన్ గింగెరిచ్ అధ్యక్షతన ఏడుగురు సభ్యుల సమితిని నియమించింది. నక్షత్రం చుట్టూ తిరుగుతూ, తన గురుత్వం వల్ల గుండ్రని ఆకారం పొందిన గోళం గ్రహం అవుతుందని ఆ సమితి ముసాయిదా ప్రతిపాదించింది. దాని ప్రకారం గ్రహాలు పన్నెండు: అప్పటి తొమ్మిదితో పాటు సెరెస్, కేరన్, ఎరిస్. ప్లూటో, కేరన్‌ల ఉమ్మడి ద్రవ్యరాశి కేంద్రం ప్లూటోకు వెలుపల ఉన్నందున కేరన్‌ను ఉపగ్రహంగా కాక జంటగ్రహంగా పరిగణించారు.

ఆగస్టులో చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్‌లో జరిగిన మహాసభలో ఈ ముసాయిదాకు తీవ్ర వ్యతిరేకత ఎదురయింది. కక్ష్యల గతిని అధ్యయనం చేసేవారు ఆకారం ఒక్కటే చాలదన్నారు. ఉరుగ్వే శాస్త్రజ్ఞులు హూలియో ఫెర్నాండెజ్, గొంజాలో తాంక్రెది ముందుకు తెచ్చిన ప్రత్యామ్నాయం చర్చను మలుపు తిప్పింది. చివరి రోజున ఆమోదం పొందిన తీర్మానం ప్రకారం సౌరకుటుంబంలో గ్రహం కావడానికి మూడు లక్షణాలు ఉండాలి. మొదటిది, సూర్యుని చుట్టూ పరిభ్రమించడం. రెండవది, సొంత గురుత్వాకర్షణ వల్ల ఇంచుమించు గుండ్రని ఆకారం పొందేటంత ద్రవ్యరాశి ఉండడం. మూడవది, తన కక్ష్యా పరిసరాలను శుభ్రం చేసుకొని ఉండడం. మొదటి రెండు లక్షణాలు ఉండి మూడవది లేని, ఉపగ్రహం కాని గోళం 'మరుగుజ్జు గ్రహం'. ఉపగ్రహాలను మినహాయించి తక్కినవన్నీ సౌరకుటుంబ చిన్న వస్తువులు. ప్రస్తుతం ఆ సంఘం గుర్తించిన మరుగుజ్జు గ్రహాలు ఐదు: సెరెస్, ప్లూటో, ఎరిస్, హౌమియా, మాకేమాకే.

వేలాది సభ్యులున్న సంఘంలో ఆనాడు ఓటు వేసినవారు 424 మంది మాత్రమే. సభలో హాజరైనవారికే ఓటు హక్కు ఉండడం విమర్శకు గురయింది. ఈ నిర్వచనాన్ని తాము వాడబోమని సుమారు 300 మంది శాస్త్రజ్ఞులు కొద్ది రోజుల్లోనే సంతకాలతో ప్రకటించారు. అయినా ఓట్ల సంఖ్యను ప్రశ్నించడం వల్ల అసలు సమస్య తేలదు. ఓటు వేసినవారి సంఖ్య పెరిగినా తగ్గినా నిర్వచనంలోని గుణదోషాలు మారవు.

6. గతిశాస్త్ర దృష్టి

కక్ష్యా పరిసరాలను శుభ్రం చేయడం అన్న నియమానికి బలమైన భౌతిక పునాది ఉంది. సూర్యుని చుట్టూ ఉన్న ధూళి, వాయు చక్రం నుంచి సౌరకుటుంబం ఏర్పడిన క్రమంలో కొన్ని గోళాలు పెరిగి చుట్టూ ఉన్న పదార్థాన్ని తమలో కలుపుకున్నాయి, లేదా దూరంగా విసిరివేశాయి, లేదా తమ గతికి అనుగుణమైన కక్ష్యల్లో బంధించాయి. అలా చేయలేని గోళాలు గుంపుల్లో మిగిలిపోయాయి. కనుక ఈ నియమం సౌరకుటుంబం ఎలా రూపొందిందన్న ప్రశ్నకు సమాధానంలో భాగం.

ఇక్కడ శుభ్రత అంటే సంపూర్ణ శూన్యత కాదు. గురుని కక్ష్యలో ట్రోజన్లు అనే వేలాది గ్రహశకలాలు తిరుగుతున్నాయి; భూకక్ష్యలో కూడా అటువంటివి ఉన్నాయి. అయితే గురుని ట్రోజన్లు గురుని గురుత్వానికి లోబడిన స్థానాల్లోనే నిలకడగా ఉన్నాయి. నెప్ట్యూన్ మూడుసార్లు తిరిగేలోపు ప్లూటో సరిగ్గా రెండుసార్లు తిరుగుతుంది. ఈ లయను శాసిస్తున్నది నెప్ట్యూనే. కనుక శుభ్రత అన్న మాటకు ఆధిపత్యం అనే భావమే ఉచితం.

ఈ ఆధిపత్యాన్ని కొలవవచ్చు. 2006లో స్టీవెన్ సోటర్ ఒక గోళపు ద్రవ్యరాశికీ దాని కక్ష్యా మండలంలోని మిగిలిన వస్తువుల మొత్తం ద్రవ్యరాశికీ గల నిష్పత్తిని లెక్కించాడు. భూమికి ఆ విలువ సుమారు 17 లక్షలు. ఎనిమిది గ్రహాల్లో అతి తక్కువ విలువ గల దానికి సైతం అది వేలల్లో ఉంది. సెరెస్‌కు 0.33, ప్లూటోకు 0.1 కన్నా తక్కువ. ఈ రెండు గుంపుల మధ్య ఒక్క గోళం కూడా లేదు. గ్రహాలకూ ఇతరాలకూ మధ్య గీత గీయవలసి వస్తే ప్రకృతి స్వయంగా వదిలిన ఖాళీ ఇక్కడ ఉంది. గతిశాస్త్ర పక్షానికి ఇంతకంటే బలమైన వాదన లేదు.

ఇదే ఖాళీని అంతకుముందే 2000లో అలన్ స్టెర్న్, హెరాల్డ్ లెవిసన్ మరో సూత్రంతో చూపించారు. ఆ స్టెర్నే తరువాత ప్రాగ్ నిర్వచనానికి ప్రముఖ విమర్శకుడయ్యాడు. ఇందులో వైరుధ్యం లేదు. ఆధిపత్యం గల గ్రహాలనూ లేనివాటినీ గ్రహాల్లోని రెండు ఉపవర్గాలుగా ఆ వ్యాసం చూసింది. ఒకదానిని గ్రహ వర్గం నుంచి బహిష్కరించలేదు.

7. భూభౌతిక దృష్టి

గోళాల ఉపరితలాన్ని, అంతర్భాగాన్ని, వాతావరణాన్ని పరిశోధించేవారి ప్రశ్న వేరు. ద్రవ్యరాశి ఒక స్థాయిని దాటితే గురుత్వం రాతి కాఠిన్యాన్ని జయించి పదార్థాన్ని కేంద్రం వైపు సమంగా లాగుతుంది. దీనినే ద్రవస్థితిక సమతౌల్యం అంటారు. ఆ స్థాయిలో గోళం లోపల బరువైన పదార్థం కిందికి, తేలికైనది పైకి చేరి పొరలు ఏర్పడే అవకాశం కలుగుతుంది. గోళం భౌగోళికంగా చైతన్యవంతం కాగలదు. 2017లో కర్బీ రన్యన్, స్టెర్న్ తదితరులు ప్రతిపాదించిన నిర్వచనం ప్రకారం, తనలో కేంద్రక సంలీనం ఏనాడూ జరగని, గురుత్వం వల్ల గుండ్రబడిన ప్రతి గోళమూ గ్రహమే. దాని కక్ష్య ఏదైనా సరే. ఈ లెక్కన చంద్రుడు, టైటన్, గనీమీడ్ సహా సౌరకుటుంబంలో వందకు పైగా గ్రహాలుంటాయి.

ఈ దృష్టికి అంతరిక్ష యాత్రలు బలం చేకూర్చాయి. గనీమీడ్ వ్యాసం 5,268 కి.మీ.; బుధుని వ్యాసం 4,879 కి.మీ. మాత్రమే. టైటన్‌పై దట్టమైన నత్రజని వాతావరణం, మీథేన్ వానలు, సరస్సులు ఉన్నాయి. 2006 జనవరిలో బయలుదేరిన న్యూ హొరైజన్స్ నౌక 2015 జూలై 14న ప్లూటో పక్కగా ప్రయాణించింది. అది బయలుదేరినప్పుడు ప్లూటో గ్రహం, చేరినప్పుడు మరుగుజ్జు గ్రహం. అక్కడ కనిపించినవి ఉల్కాపాత గుంటలు లేని విశాలమైన నత్రజని మంచు మైదానం, నీటిమంచుతో ఏర్పడిన పర్వతాలు. వాటిలో ఒక పర్వతశ్రేణికి ఎవరెస్టు అధిరోహకుడు టెన్సింగ్ నార్గే పేరు పెట్టారు. నాలుగు వందల కోట్ల ఏళ్లుగా చల్లబడి నిర్జీవంగా ఉంటుందనుకున్న చిన్న గోళంలో నేటికీ మార్పులు జరుగుతున్నాయి. అటువంటి లోకాన్ని వర్ణించడానికి గ్రహం అన్న మాటే ఈ శాస్త్రజ్ఞులకు సహజంగా తోస్తుంది.

అయితే ఈ దృష్టికీ చిక్కులున్నాయి. గుండ్రదనం అకస్మాత్తుగా కలిగేది కాదు. 400 కి.మీ. కన్నా తక్కువ వ్యాసం గల మైమాస్ అనే శని ఉపగ్రహం మంచుతో కూడినది కనుక గుండ్రంగా ఉంది, 500 కి.మీ. దాటిన వెస్టా రాతితో కూడినది కనుక పూర్తిగా గుండ్రంగా లేదు. కచ్చితమైన కొలతలు తీస్తే బుధుడు, చంద్రుడు కూడా ఆదర్శ సమతౌల్య ఆకారం నుంచి కొద్దిగా తప్పుతారు. తీర్మానంలోని అక్షరాన్ని పట్టుకొని వాదిస్తే బుధుని స్థానమే ప్రశ్నార్థకమవుతుంది. ఆధిపత్యం విషయంలో కనిపించిన స్పష్టమైన ఖాళీ ఆకారం విషయంలో లేదు.

8. తీర్మానంలోని మూడు లోపాలు

ప్రాగ్ నిర్వచనం ఎంచుకున్న మార్గం తప్పని చెప్పలేకపోయినా, దాని రచనలో మూడు లోపాలు స్పష్టం. మొదటిది, కొలత లేకపోవడం. ఎంత గుండ్రంగా ఉండాలో, ఎంత శుభ్రం చేయాలో అది చెప్పదు. సూర్యునికి దూరం పెరిగేకొద్దీ కక్ష్యను శుభ్రం చేయడానికి కావలసిన ద్రవ్యరాశి పెరుగుతుంది. కనుక ఒకే గోళం ఒకచోట గ్రహం, మరొకచోట కాకపోవచ్చు. ఇది గతిశాస్త్ర పక్షానికి ఆక్షేపణ కాదు, వారి నిర్వచనపు సారమే. కాని ఆ విషయాన్ని సంఖ్యలో చెప్పకపోవడం వల్ల అనుమానాలకు తావు ఏర్పడింది.

రెండవది, సూర్యుని పేరు. మొదటి నియమం సూర్యుని చుట్టూ తిరగాలని చెప్పినందున ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గోళాలు ఈ నిర్వచనం పరిధిలోకి రావు. 1995లో మిషెల్ మేయర్, డిడియే కెలోజ్ సూర్యుని వంటి నక్షత్రం చుట్టూ తొలి గ్రహాన్ని కనుగొన్నారు. 2019లో వారికి నోబెల్ బహుమతి లభించింది. 2022 మార్చి నాటికి నిర్ధారిత సౌరేతర గ్రహాల సంఖ్య 5,000 దాటింది. ఎనిమిదింటికి సరిపోయే నిర్వచనం వేలాది గోళాలకు వర్తించదు.

మూడవది, పేరు. విశేషణం విశేష్యాన్ని పరిమితం చేయాలి గాని దాని నుంచి వెలివేయకూడదు. ఖగోళశాస్త్రంలోనే మరుగుజ్జు నక్షత్రం నక్షత్రమే, సూర్యుడు ఆ కోవకు చెందినవాడే. మరుగుజ్జు గ్రహం మాత్రం గ్రహం కాదట. దీనికి భాష వైపు నుంచి ఒక సమాధానం ఉంది. తోకచుక్క చుక్క కాదు. వేగుచుక్క అని పిలిచే శుక్రుడు కూడా చుక్క కాదు. జనవ్యవహారంలో పుట్టిన పేర్లకు ఈ వెసులుబాటు సహజం. ఆలోచించి నిర్మించిన శాస్త్రీయ పరిభాషకు మాత్రం అది సమర్థన కాజాలదు.

9. సౌరేతర గ్రహాలు, కొత్త ప్రతిపాదన

సౌరేతర గోళాలకు ఖగోళ సంఘం వేరే వ్యావహారిక నిర్వచనాన్ని పాటిస్తున్నది. గురునికి సుమారు 13 రెట్ల ద్రవ్యరాశి దాటితే గోళంలో డ్యుటీరియం సంలీనం ఆరంభమవుతుంది. గ్రహానికి అది పైహద్దు. 2018లో చేసిన సవరణ ప్రకారం కేంద్ర నక్షత్రంతో పోలిస్తే గోళపు ద్రవ్యరాశి సుమారు 25వ వంతు కన్నా తక్కువగా ఉండాలి. ఏ నక్షత్రానికీ కట్టుబడకుండా ఒంటరిగా తిరిగే గోళాలు గ్రహాలు కావు.

2015లో జీన్-లూక్ మార్గో ఒక కొలతను సూచించాడు. నక్షత్రపు ద్రవ్యరాశి, గోళపు ద్రవ్యరాశి, పరిభ్రమణ కాలం తెలిస్తే ఆ గోళం తన కక్ష్యను శుభ్రం చేయగలదో లేదో లెక్కగట్టవచ్చు. ఈ మూడూ దూరం నుంచి తెలుసుకోగల విషయాలే. 2024లో మార్గో, బ్రెట్ గ్లాడ్‌మన్, టోనీ యాంగ్ మరింత సరళమైన నిర్వచనాన్ని ప్రతిపాదించారు. ఒకటి పక్కన 23 సున్నాలు పెట్టినంత కిలోల కన్నా ఎక్కువ, గురునికి 13 రెట్ల కన్నా తక్కువ ద్రవ్యరాశి కలిగి, నక్షత్రం లేదా నక్షత్రావశేషం వంటి దాని చుట్టూ తిరిగే గోళం గ్రహం. బుధుడు ఈ కింది హద్దుకు సుమారు మూడు రెట్లు. ప్లూటో అందులో ఏడవ వంతు కూడా కాదు. ఇంతటి ద్రవ్యరాశి గల గోళం ఎలాగూ గుండ్రంగానే ఉంటుంది కనుక, సుదూర నక్షత్రాల వద్ద చూడడానికి వీలుకాని ఆకార నియమం అవసరం లేకపోయింది. ఈ ప్రతిపాదన ప్లూటోకు పాత స్థానం ఇవ్వదు, ఉపగ్రహాలనూ చేర్చుకోదు. కాని ముందు చెప్పిన మొదటి రెండు లోపాలనూ సరిదిద్దుతుంది.

10. ముగింపు

గ్రహ నిర్వచన చరిత్రను పరిశీలిస్తే ప్రతి నిర్వచనమూ ఒక ప్రశ్న నుంచి పుట్టిందని తెలుస్తుంది. ఆకాశంలో ఏది కదులుతున్నదన్న ప్రశ్నకు రాహుకేతువులు కూడా గ్రహాలే. సౌరకుటుంబం ఎలా రూపొందిందన్న ప్రశ్నకు ఎనిమిది గ్రహాలు సరైన సమాధానం. ఆ ఎనిమిదింటికీ మిగిలినవాటికీ మధ్య గల అగాధం సంఖ్యల్లో కనిపిస్తుంది. ఒక గోళం లోపల ఏమి జరుగుతున్నదన్న ప్రశ్నకు ప్లూటో, టైటన్, చంద్రుడు భూమికి సోదరులే. ఒకే పదాన్ని ఈ ప్రశ్నలన్నింటికీ సమాధానంగా చేయబూనడమే ప్రాగ్‌లో తలెత్తిన ఇబ్బంది. పదాన్ని ఒక అర్థానికి పరిమితం చేసే అధికారం సంఘానికి ఉండవచ్చు. రెండవ ప్రశ్నను రద్దు చేసే శక్తి ఏ ఓటింగుకూ లేదు.

విద్యాబోధనకు ఇందులో ఒక సూచన ఉంది. పాఠ్యపుస్తకాల్లో తొమ్మిదిని ఎనిమిదిగా దిద్దడం సులభం. కాని గ్రహాల సంఖ్యను కంఠస్థం చేయించి, ఆ సంఖ్య ఎందుకు మారిందో చెప్పకపోతే, శాస్త్రమంటే ఎక్కడో ఎవరో తీర్మానించి పంపే జాబితా అన్న అభిప్రాయం విద్యార్థిలో మిగిలిపోతుంది. సెరెస్ యాభై ఏళ్లు గ్రహాల పట్టికలో ఎందుకు ఉన్నదో, ఎరిస్ దొరికిన తరువాత ప్లూటోను ఎందుకు ప్రశ్నించవలసి వచ్చిందో వివరిస్తే, కొత్త సాక్ష్యం ఎదురైనప్పుడు పాత వర్గీకరణను తిరిగి పరీక్షించడమే శాస్త్ర పద్ధతి అన్న విషయం అతనికి బోధపడుతుంది. గ్రహాలు ఎన్ని అన్న ప్రశ్నకు మున్ముందు సమాధానం మళ్లీ మారినా ఆ అవగాహన చెల్లుబాటవుతుంది.